గోరంత గుడ్డు

చెప్పులు బయటే వదిలి రండి, గది చిన్నది. గుంటూరులో ఓ పిల్లల ఆసుపత్రి, రెండో అంతస్తు. ఉన్న రెండు మంచాల్లో ఒకటి ఖాళీ. రెండోదాని మీద పదిహేను నెలల పిల్లాడు చొక్కా లేకుండా కూర్చుని, సిస్టరు చేతిలో పెన్ను లాక్కుందామని చూస్తున్నాడు. ఆవిడ ఇవ్వడం లేదు. వాడి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, చెవి తమ్మెల కింద ఎర్రగా, గరుకుగా ఎగ్జిమా మచ్చలున్నాయి. ఒక్కో మచ్చ చుట్టూ నీలం సిరాతో గీత గీస్తోంది. ఇవాళ కొత్తగా ఏమొచ్చినా గీతకి అవతల కనిపిస్తుంది. ఇది పాతదేనా, ఇప్పుడొచ్చిందా అన్న వాదన ఉండదు.

ఎనిమిదీ నలభై అయింది. మొన్ననే సంక్రాంతి వెళ్లింది. తెనాలి నుంచి పొద్దున్నే కారు మాట్లాడుకుని వచ్చారు, తల్లీ నాయనమ్మా. నాయనమ్మ ఒళ్లో మూడు గిన్నెల క్యారేజీ. పై గిన్నెలో ఉడికిన కోడిగుడ్లు రెండు, మధ్య గిన్నెలో మెత్తగా చిదిమిన బంగాళదుంప, కింద ఇడ్లీలు. నీళ్లు మరిగాక పది నిమిషాలు దాటేదాకా గుడ్లు ఉడకాలన్నారని ఆవిడ గోడ గడియారం కింద నిలబడి మరీ ఉడికించింది. దుంపలో ఉప్పు తప్ప ఏమీ లేదు. నెయ్యి చుక్క లేకుండా మనవడికి ముద్ద కలపడం ఆవిడకి ఇప్పటికీ మనసొప్పని పనే.

వాడు ఇవాళ గుడ్డు తినబోతున్నాడు. అందుకే ఈ ఏర్పాటంతా. మంచం పక్కన బల్ల మీద స్టీలు ట్రే, దాని మీద తెల్ల గుడ్డ. గుడ్డ కింద ఎడ్రినలిన్ ఆంప్యూల్, సన్నటి సిరంజి, నెబ్యులైజరు మాస్కు. గోడకి ప్లాస్టరుతో అంటించిన కాగితం మీద పెద్ద అక్షరాలు: బరువు 9.4 కిలోలు, ఎడ్రినలిన్ 0.09 మి.లీ., తొడ బయటివైపు కండలోకి. కిలోకి 0.01 మిల్లీగ్రాము చొప్పున ముందే కట్టిన లెక్క అది. పిల్లాడు నీలంగా మారుతుంటే అప్పుడు కూర్చుని గుణించేవాళ్లెవరూ ఉండరు.

నాయనమ్మ ఆ కాగితం వైపు చూడకుండా కూర్చుంది. కుర్చీ కొంచెం అటు తిప్పుకుంది కూడా.

డాక్టరుగారు వచ్చారు. నలభై అయిదేళ్లుంటాయి, గొంతు పెద్దగా ఎత్తరు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి, గొంతులోకి లైటు వేసి చూసి, “రాత్రి పడుకున్నాడా? దగ్గు, జ్వరం ఏమైనా? ఎలర్జీ మందు ఎప్పుడు ఆపారమ్మా?” అని అడిగారు.

“వారం దాటింది డాక్టరుగారూ. రాత్రి రెండుసార్లు లేచాడు, అది మామూలే.”

“సరే, మొదలుపెడదాం.”

గుడ్డు వొలిచి, తెల్లసొనా పచ్చసొనా కలిసేలా నాలుగు చీలికలు చేశారు. ఒక చీలిక కొస నుంచి, వాడి చిటికెనవేలి గోరులో సగం ఉంటుందేమో, అంత ముక్క తీసి దుంప ముద్దలో అదిమి తల్లి చేతికిచ్చారు. తొమ్మిదీ అయిదు. “ఆఁ” అంది తల్లి. వాడు “ఆఁ” అన్నాడు. మింగేశాడు. ఇంకా పెట్టమని చెయ్యి చాపాడు.

ఇక ఇరవై నిమిషాలు ఆగాలి.

ఈ ఇరవై నిమిషాల్లో చూడాల్సింది వాడి ముఖాన్ని. దద్దుర్లొక్కటే కాదు. చెవులు గోక్కుంటాడా, నాలుక బయటపెట్టి ముఖం చిట్లిస్తాడా, గొంతు బొంగురుపోతుందా, ఉన్నట్టుండి ఆట మానేసి అమ్మ భుజం మీద వాలిపోతాడా? మాటలు రాని పిల్లాడు “నాకు ఏదోలా ఉంది” అని చెప్పే తీరులివి. సిస్టరు పది నిమిషాలకోసారి బనీను ఎత్తి పొట్టా వీపూ చూస్తోంది. వాడు మాత్రం సిస్టరు ఐడీ కార్డు తాడు నోట్లో పెట్టుకున్నాడు.

ఈలోగా తల్లి హ్యాండ్‌బ్యాగులో ఉన్న కాగితం చూడండి, ఆవిడేమీ అనుకోదు. క్యాలెండరు నుంచి చింపిన నెల కాగితం, వెనక వైపు. పైన “బాబుకి పడనివి”. కింద పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి ఒక సిరాలో ఉన్నాయి. గుడ్డు, చేప, రొయ్య ఇంకో సిరాలో. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, గోధుమ తర్వాతెప్పుడో చేరాయి. వంకాయ, గోంగూర, టమాటా నాయనమ్మ చేతిరాత. అడుగున పెన్సిలుతో శనగపిండి, పక్కన ప్రశ్నార్థకం.

ఇందులో పాలది తిరుగులేని కేసు. అన్నప్రాశనకి పరమాన్నంలో ముంచిన ఉంగరం నాలిక్కి రాస్తే మూతి చుట్టూ ఎర్రబడింది. ఎండ, జనం, దిష్టి అన్నారు, ఉప్పు దిగదుడిచారు. తర్వాత ఏడో నెలలో పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్న పది నిమిషాలకి కనురెప్పలు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి, బళ్లున కక్కాడు. ఆ రోజు రిక్షా కోసం వీధిలోకి పరిగెత్తిన సంగతి నాయనమ్మ ఇప్పుడు కూడా కూర్చుని చెప్పలేదు, లేచి నిలబడుతుంది. ఇక గుడ్డు. ఓ మధ్యాహ్నం ఆమ్లెట్ ముక్క తిన్నాడు, రాత్రి ఒళ్లు గోక్కున్నాడు. రాత్రి గోక్కోవడం వాడికి రోజూ ఉండేదే, కానీ ఆ రోజు గుడ్డు తిన్నాడు కాబట్టి నేరం గుడ్డు మీద పడింది. గోధుమ నేరం మరీ అన్యాయం. బిస్కెట్ తిన్నాక దద్దుర్లొచ్చాయని గోధుమ పేరు రాశారు. ప్యాకెట్టు వెనక చూస్తే పాలపొడి ఉంది. చేప, రొయ్య పక్కింటివాళ్ల సలహా. పల్లీలు భయం కొద్దీ. వంకాయ, గోంగూర ‘దురద కూరలు’ కాబట్టి.

అలా చిన్నోడి కంచంలో మిగిలినవి అన్నం, ఇడ్లీ, కందిపప్పు, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, క్యారెట్టు, బంగాళదుంప, నీళ్లతో కాచిన రాగిజావ, తల్లిపాలు. బరువు చార్టులో వాడి గీత ఎనిమిదో నెల దాకా చక్కగా ఎక్కి, అక్కణ్నుంచి వంగింది. మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు డాక్టరుగారు చర్మం కన్నా ముందు చూసింది ఆ గీతని.

ఆ రోజు పరీక్షల కన్నా ప్రశ్నలకే ఎక్కువసేపు పట్టింది. ఏం తిన్నాడు, ఎంత, ఎంతసేపటికి వచ్చింది, ఏం వచ్చింది, మళ్లీ తింటే మళ్లీ వచ్చిందా? తక్షణం వచ్చే రకం ఎలర్జీ అయితే నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు బయటపడుతుంది. ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీ చేసే పని అది. ఆలస్యంగా వచ్చే రకాలు వేరు. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటలకి ఆగకుండా వాంతులై పిల్లలు వేలాడిపోవడం, పసిపిల్లల్లో విరేచనంలో నెత్తుటి జీర కనిపించడం అలాంటివి. వాటికి చర్మం మీద చేసే పరీక్ష ఏమీ చెప్పదు. మధ్యాహ్నం తిన్న ఆమ్లెట్‌కి రాత్రి దురద రావడం ఈ రెండింటిలో దేనికీ సరిగ్గా అమరలేదు.

తర్వాత ప్రిక్ టెస్ట్. ఒక్కో పదార్థం సారం ఒక్కో చుక్క వీపు మీద పెట్టి, సన్నటి మొనతో చుక్క మీద గిచ్చి పావుగంట ఆగుతారు. ఉప్పునీటి చుక్క కన్నా 3 మిల్లీమీటర్లో అంతకు మించో ఉబ్బితే పాజిటివ్. పాలు 7 వచ్చింది. గుడ్డు సరిగ్గా 3. చేప, రొయ్య, గోధుమ, పల్లీ, నువ్వులు, శనగ చోట దోమకాటంత కూడా లేదు.

“పాజిటివ్ వస్తే ఎలర్జీ ఉన్నట్టే కదండీ?” అని అడిగింది తల్లి.

“ఒళ్లు దాన్ని గుర్తుపడుతోందని అర్థం. గుర్తుపట్టినదాని మీదల్లా విరుచుకుపడదు.”

ఇది ఊరికే అన్న మాట కాదు. బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్ల మీద చేసిన యూరోప్రివాల్ సర్వే 2016లో అచ్చయింది. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి పాజిటివ్ వచ్చినవాళ్లు 26.5 శాతం. తింటే ఇబ్బంది పడుతున్నామని చెప్పి, పరీక్షలోనూ అదే తేలినవాళ్లు 1.2 శాతం. మిగతా వాళ్లలో ఎక్కువమందికి పరీక్ష చెప్పిన ఇబ్బంది తిండిలో లేదు. ఇలాంటిచోట రక్తం తీసి అరవై డెబ్భై పదార్థాలకి రిపోర్టు చేతిలో పెట్టే ప్యాకేజీలని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిలో కొన్ని కొలిచేది ఐజీజీని. అది ఆ పదార్థం తిన్నట్టు చెబుతుందే తప్ప పడదని చెప్పదు. ఆ కాగితం నమ్ముకుని పిల్లాడి కంచం ఖాళీ చేసిన ఇళ్లు ఎన్నో.

అంచేత చరిత్ర ఒకటి చెప్పి, పరీక్ష ఇంకోటి చెప్పినప్పుడు తేల్చగలిగే దారి ఒక్కటే. డాక్టరు ఎదురుగా, మందు పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెం తినిపించి చూడటం. మనం ఇప్పుడు కూర్చున్నది అక్కడే.

తొమ్మిదీ ఇరవై అయిదు. రెండో మోతాదు, గోరంత. తిన్నాడు. తొమ్మిదీ నలభై అయిదు. పావు చెంచా. తిన్నాడు, కానీ ముద్ద సగం గడ్డం మీదికి జారింది. అరచేత్తో బుగ్గలకి పూసుకున్నాడు.

అయిదు నిమిషాలకి మూతికి ఎడమ పక్కన ఎరుపు.

మొదట చూసింది నాయనమ్మ. “అమ్మాయ్!” అని తల్లి మోచెయ్యి పట్టుకుంది. తల్లి ఏమీ మాట్లాడలేదు, కొడుకుని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. సిస్టరు ట్రే మీది గుడ్డ తీసేసి డాక్టరుగారికి కబురు పెట్టింది. మీరు కూడా గోడ మీది కాగితం వైపే చూస్తున్నారు, నాకు తెలుసు.

డాక్టరుగారు వచ్చి ముందు ఎరుపుని పట్టించుకోలేదు. నోరు తెరిపించి పెదవుల లోపల చూశారు. నాలుక చూశారు. బనీను విప్పి వీపు, పొట్ట, తొడలు వెతికారు. స్టెతస్కోపు పెట్టి ఊపిరి విన్నారు. వాడు ఆ గొట్టం పట్టుకుని గుంజి కిలకిలా నవ్వాడు. అప్పుడు తడిగుడ్డతో బుగ్గ తుడిచి, ఆ చోట వాజలిన్ పల్చగా రాశారు.

“తగిలిన చోటే ఉంది. ఉబ్బు లేదు, ఇంకెక్కడా లేదు. చూద్దాం.”

చూశాం. గది బయట ఎవరో బిల్లింగ్ కౌంటరు ఎక్కడని అడుగుతున్నారు. ఎర్రదనం పెరగలేదు. పదిహేను నిమిషాలకి గులాబీ రంగుకి దిగి, తర్వాత వెతుక్కుంటేగానీ కనపడలేదు. ఎగ్జిమా ఉన్న పిల్లల బుగ్గ సున్నితం, పులుపో సొనో అంటుకుంటే కందుతుంది. గోంగూరకీ టమాటాకీ జాబితాలో చోటు దొరికింది ఇలాగేనని డాక్టరుగారు చెబుతుంటే నాయనమ్మ క్యారేజీ మూత బిగించడం మొదలుపెట్టింది.

అదే మోతాదు ఇంకోసారి పెట్టించారు, ఈసారి బుగ్గకి తగలకుండా. ఏమీ రాలేదు.

అసలు చిక్కు పదిన్నరకి వచ్చింది. అర చెంచా గుడ్డు. వాడికి గుడ్డు మొహం మొత్తింది. నోట్లో పెడితే నాలుకతో తోసేశాడు. మళ్లీ పెడితే పెదవులు బిగించి తల అటూ ఇటూ ఊపాడు. వాడి చూపంతా కింద గిన్నెలోని ఇడ్లీ మీద. ఇలాంటప్పుడు పిల్లాడికి ఎలర్జీ ఉందా లేదా అని తేల్చే శాస్త్రమంతా వాడి మూతి దగ్గర ఆగిపోతుంది. తోసేస్తే మోతాదు లెక్క చెడుతుంది, బలవంతం చేస్తే కక్కుతాడు, కక్కితే అది ఎలర్జీ వాంతో మొండి వాంతో తెలియదు.

“ఇటివ్వవే” అని నాయనమ్మ గిన్నె అందుకుంది. ఇడ్లీ తుంచి, మధ్యలో గుడ్డు పొడి పెట్టి, వేళ్లతో నొక్కి బిళ్ల చేసింది. కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్లింది. ఎదురింటి పిట్టగోడ మీద కాకి ఉండాలి కదా, ఉంది. “అదిగో కాకి! కాకికి పెట్టేస్తున్నా... పెట్టేస్తున్నా...” కాకికి పోతుందంటే వాడు ఊరుకుంటాడా? నోరు తెరిచాడు. నాలుగు బిళ్లలు. సిస్టరు టైము రాసుకుంది. మామ్మగారి వంతు పని అయిపోయిందని డాక్టరుగారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు, వాడి వీపు తడుముతూ గీతల్లోకి చూస్తోంది.

చివరి మోతాదు పదకొండు అయిదుకి. ఆ వయసు పిల్లాడు ఒక పూటకి తినేంత గుడ్డు మొత్తం మీద లోపలికి పోయినట్టు. ఇక రెండు గంటలు ఇక్కడే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి.

వాడు తల్లి దగ్గర పాలు తాగి నిద్రపోయాడు. ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. వాడికి పాలు పడవని తేలాక, ‘నువ్వు తిన్నది పాలల్లోకి పోతుంది’ అని ఎవరో అంటే ఆవిడ పెరుగు మానేసింది. తెలుగింటి పిల్ల, పెరుగన్నంతో ముగియని భోజనం భోజనం కాదనుకునే మనిషి, నెలల తరబడి చారన్నంతో చెయ్యి కడుక్కుంది. మొదటి రోజు డాక్టరుగారు అడిగింది చిన్న ప్రశ్న: “అంతకుముందు మీరు పెరుగు తింటూ పాలిచ్చినప్పుడు వీడికి దద్దుర్లొచ్చాయా?” లేదు. “మరి మీరెందుకు మానేశారమ్మా? తినండి.” తెనాలి వెళ్లాక ఆ రాత్రి అన్నంలో మీగడ పెరుగు వేసుకుని, మాగాయ ముక్క నంజుకుని తింటుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయట. కారం వల్ల అని అత్తగారికి చెప్పింది.

మధ్యాహ్నం వేళ డాక్టరుగారు తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఇక నాయనమ్మ ప్రశ్నలు.

“డాక్టరుగారూ, ఆవుపాలు పడవు సరే. గేదెపాలు?”

“రెండిట్లోనూ ప్రోటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయండీ. మేకపాలూ అంతే.”

“పెరుగు తోడుకుంటుంది కదా, మారిపోదూ?”

“పులిస్తే తగ్గేది పాలల్లో చక్కెర. వీడికి పడనిది ప్రోటీను. అది పెరుగులోనూ ఉంటుంది, మజ్జిగలోనూ ఉంటుంది. నేతిలో జాడగా మిగులుతుంది, అందుకే దాన్నీ ఇప్పుడే వద్దన్నాను.”

ఆవిడ గొంతు తగ్గించింది. “గాడిదపాలు?”

మన ఊళ్లలో గాడిదని వీధి వెంట తిప్పుతూ ఉగ్గుగిన్నెడు పాలు అక్కడే పిండి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయాసానికీ దగ్గుకీ మంచివని పసిపిల్లలకి పట్టిస్తారు. డాక్టరుగారు కొట్టిపారేయలేదు. పాలు పడని పిల్లల్లో చాలామంది గాడిదపాలని ఓర్చుకోవడం ఇటలీ డాక్టర్లు చూసిన సంగతేనట. “కానీ వాళ్లు కాచి, శుద్ధి చేసి, దగ్గరుండి ఇచ్చారు. వీధిలో పిండిన పచ్చిపాలు వీడికి పట్టకండి. పైగా వాటిలో కొవ్వు తక్కువ, వీడికి కావలసింది బరువు.”

“మరి కోవా? గంటసేపు మరుగుతుంది కదండీ.”

ఇది మంచి ప్రశ్న. పాల ప్రోటీన్లలో కొన్ని వేడికి రూపు మారతాయి, కేసీన్ అంత తేలిగ్గా లొంగదు. ఎంత మరిగించినా కోవాలో అది గట్టిగానే ఉంటుంది. పిండిలో కలిసి ఓవెన్‌లో అరగంట కాలినప్పుడు మాత్రం పిండి ప్రోటీన్లతో ముడిపడి కొంత మరుగున పడుతుంది. పాలు పడని పిల్లల్లో ఎక్కువమంది అలా కాల్చిన కేకునో బిస్కెట్టునో తట్టుకుంటారు. వీడు బిస్కెట్టుకే దద్దుర్లు తెచ్చుకున్నాడు కాబట్టి ఇప్పుడే కాదు. ఆరు నెలలాగి మళ్లీ ప్రిక్ టెస్ట్ చేసి, తర్వాత ఇదే మంచం మీద బిస్కెట్టుతో చూస్తారట. పాల ఎలర్జీ చాలామందికి పెరిగే కొద్దీ పోతుంది. ఈ మాట తల్లి రెండుసార్లు చెప్పించుకుంది.

అప్పటిదాకా రాగి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకి అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. ఈ వయసుకి రోజుకి 500 కావాలంటుంది ఐసీఎంఆర్. రాగిజావతోనే అంతా రాదు. తల్లిపాలు కొనసాగాలి, నువ్వులు తిరిగి రావాలి, ఇవి చాలకపోతే సిరప్పు. అంగన్‌వాడీ బాలామృతంలో పాలపొడి ఉంది కాబట్టి ఇంట్లో ఉన్న ప్యాకెట్టు వాళ్లకీ వీళ్లకీ ఇచ్చేయొచ్చు. ప్యాకెట్ల వెనక ఎలర్జీ కలిగించేవేవో వేరుగా చెప్పాలని 2020 నాటి మన దేశ నిబంధనలు అంటున్నాయి. పాలు, గుడ్డు, పల్లీ, చేప, సోయా ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల పేరు కూడా తప్పనిసరి. నువ్వులు లేని పండగ లేని మన దగ్గరే లేకపోవడం నాకు వింతగానే ఉంది.

“ఒంటికి ఏం రాస్తున్నారు ఇప్పుడు?” అని డాక్టరుగారు అడిగారు.

“మీరు చెప్పిన క్రీమే. శనగపిండి, మీగడ మానేశాను” అంది నాయనమ్మ, కొంచెం గింజుకుంటూ. నలుగు పెట్టి పోసిన బిడ్డ ఒంటికి వచ్చే నునుపు ఏ క్రీముకి వస్తుంది? ఆవిడ చేతి కింద నలుగురు పెరిగారు. కానీ వాళ్లెవరి చర్మమూ ఇలా పగల్లేదు. లండన్‌లో గిడియన్ లాక్ అనే డాక్టరు చెప్పిన ఊహ ఒకటుంది. ఒక పదార్థం నోటి గుండా ముందు పరిచయమైతే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. పగిలిన చర్మం గుండా ముందు చొరబడితే పగ పెంచుకుంటుంది. పల్లీనూనె ఉన్న క్రీములు రాసిన పసివాళ్లలో పల్లీ ఎలర్జీ ఎక్కువ కనిపించడం ఆయన బృందమే చూపింది. ఎగ్జిమా ఉన్న పిల్లాడికి శనగపిండి, పాలమీగడ రోజూ రుద్దుతూ, వాటిని నోటికి మాత్రం తగలనివ్వకపోవడం ఎలా తిరగబడగలదో మీరే ఊహించండి.

లాక్ బృందమే 2015లో ఇంకో ఫలితం బయటపెట్టింది. ఎగ్జిమా ముదిరిన, లేదా గుడ్డు పడని 640 మంది పసిపిల్లలని తీసుకుని, సగం మందికి ఏడాదిలోపే పల్లీ పదార్థం మొదలుపెట్టించి, సగం మందికి అయిదేళ్లు తగలనివ్వలేదు. తగలనివ్వనివాళ్లలో 17 శాతానికి పల్లీ ఎలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3 శాతానికి. 2000లో మూడేళ్ల దాకా పల్లీ వద్దన్న అమెరికా పిల్లల డాక్టర్లు ఆ మాట 2008లోనే వెనక్కి తీసుకున్నారు. 2017 నాటికి ముందే పెట్టమని మార్గదర్శకాలొచ్చాయి. తల్లికి ఈ గొడవ ఇంట్లోనే ఉంది. తెనాలిలో ఎప్పటిదో ఓ కరపత్రం మూడేళ్లు దాటాక అంటోంది, డాలస్‌లో ఉన్న ఆడపడుచు మాత్రం ‘వదినా, మా డాక్టరు ఆరో నెలలోనే పెట్టమంది’ అని ఫోన్ల మీద ఫోన్లు.

“పల్లీ పరీక్షలో ఏమీ లేదు, ఇంట్లోనే మొదలుపెట్టండి” అన్నారు డాక్టరుగారు. “గుళ్లు మాత్రం వద్దు, గొంతుకి అడ్డం పడతాయి, అయిదేళ్ల దాకా వద్దే వద్దు. వేయించి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గోరువెచ్చటి నీళ్లతో జారుగా కలిపి చెంచా కొసతో. పొద్దున్న పూట, ఒంట్లో బాగున్న రోజున. ఆ రోజు ఇంకేదీ కొత్తది వద్దు.”

పాలకి మాత్రం జాగ్రత్త అలాగే ఉంటుంది. ఎక్కడో పొరపాటున నోట్లో పడి ఆయాసమో, ఆగని వాంతులతో వాలిపోవడమో వస్తే ఆలోచించకుండా ఎడ్రినలిన్, ఆ వెంటనే ఆసుపత్రి. విదేశాల్లో పెన్నులా గుచ్చే పరికరం ఉంటుంది, మన మందుల షాపుల్లో దొరకడం కష్టం. అందుకే ఆంప్యూలు విరిచి సిరంజిలోకి 0.09 గీత దాకా లాగడం పోయినసారే తల్లికి నేర్పారు. ఇంటికి వెళ్లాక ఉప్పునీళ్లతో బత్తాయిల మీద సాధన చేసింది. ఇప్పుడు సిస్టరు ఎదురుగా ఇంకోసారి చేసి చూపించింది. ఆంప్యూలు మెడ టప్పున విరిగింది, చెయ్యి వణకలేదు.

ఒకటీ పది. వాడు లేచాడు. బనీను తీసి సిస్టరు ఆఖరిసారి చూసింది. నీలం గీతలు చెమటకి కొంచెం అలికాయి, బయట ఏమీ లేదు. ఫైలులో ‘గుడ్డు – ఎలర్జీ లేదు’ అని రాసి, వారానికి రెండు మూడుసార్లయినా గుడ్డు పెడుతూనే ఉండమని కింద గీత గీశారు. పడింది కదా అని వదిలేసి, నెలల తరబడి పెట్టకపోతే ఇలాంటి పిల్లల్లో మళ్లీ మొదటికి రావచ్చు.

తల్లి క్యాలెండరు కాగితం తీసి గుడ్డు కొట్టేసింది. చేప, రొయ్య, గోధుమ పోయినసారే కొట్టేసి ఉన్నాయి, కానీ ఇంకా కంచంలోకి రాలేదు. కొట్టేయడం ఒకటి, పెట్టడం ఇంకోటి. ఇడ్లీ మిగిలింది తింటున్న మనవడి మూతి తుడుస్తూ నాయనమ్మ కాగితంలోకి తొంగి చూసింది.

“వంకాయ, గోంగూర కూడా కొట్టెయ్యి. నేను రాసినవేగా.”

“టమాటా?”

“అదీను. గోంగూర రేపు నేనే పెడతా. పల్లీ మాత్రం నువ్వే పెట్టమ్మా, నా వల్ల కాదు.”

“మంగళవారం పెడదాం అత్తయ్యా. ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటానన్నారు.”

“మంగళవారం కొత్తవేమిటే? బుధవారం సెలవు పెట్టుకోమను.”